మూగరేవులో ఒంటిగాలం

కంబుపుర రాజ్యంలో భయమంటే ఏమిటో తెలియని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు పైడన్న. అది నేనే. రాత్రి ఒంటరిగా గాలమేసి పెద్ద పండుగప్ప చేపను పట్టాననీ, చీకటి నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటుందనీ, పోటు మీదున్న సముద్రం నా దగ్గు వింటే ఆగి, ఒడ్డెక్కవచ్చునా అని అడుగుతుందనీ నిండు సభలో నేనే చెప్పాను. ధీరసింహ మహారాజు అంతా విని తన చేతి బంగారు కంకణం తీసి నా చేతికి తొడిగాడు. రాజుగారు పొరపాటు చేయరు కాబట్టి నేను చెప్పింది నిజమే అయి ఉండాలి.

అమావాస్య రాత్రి మూగరేవు ఇసుకలో కాలు పెట్టేదాకా నేను కూడా అలాగే అనుకున్నాను.

ఆ రేవుకు ఆ పేరు ఎందుకొచ్చిందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఒడ్డుకు కొంచెం లోపలగా నీళ్ళలో ఒక నల్లరాయి ఉంది, దాన్ని మూగరాయి అంటారు. అలలు దూరం నుంచి వెండి జూలు విదిలించుకుంటూ, కళ్ళెం తెగిన గుర్రాల దండులా ఉరికి వస్తాయి. ఆ రాయిని తాకగానే చప్పుడు చచ్చిపోతుంది. నురుగు లేస్తుంది, తుంపర ఎగిరి ముఖాన పడుతుంది, కానీ శబ్దం ఉండదు. ఎవరో పెద్ద నోటిని పెద్ద చేత్తో మూసినట్టుంటుంది. ఆ రాత్రి ఆకాశానికి కాటుక పూశారు. చుక్కలు ఉన్నాయి గాని, చూడకూడనిది చూసినవాళ్ళలా రెప్ప వేయకుండా ఉన్నాయి. నీళ్ళు కదిలినచోటల్లా పచ్చని వెలుగు పుట్టి, పాములా మెలితిరిగి, ఆరిపోతోంది. వెనక మొగలి పొదలు. ముందు సముద్రం. మధ్యలో ఒక బుట్ట, ఒక గాలం, నేను.

అప్పుడు ఒక ఎండ్రకాయ నా పాదం మీదుగా నడిచి వెళ్ళింది.

తరువాత నేను చూసుకునేసరికి ఇసుక దిబ్బ కొన మీద ఉన్నాను. బుట్ట కిందే ఉంది. ఎండ్రకాయ కాసేపు నా కోసం చూసి, వేరే పని ఉన్నట్టు వెళ్ళిపోయింది. దిబ్బ ఎక్కే వేగంలో గాలానికి కట్టాల్సిన గుండురాయి ఎక్కడో జారిపోయింది. బరువు లేకపోతే గాలం అలను దాటి పోదు. వెతకడానికి దీపం తేలేదు. భయం లేనివాడికి దీపమెందుకని సాయంత్రం నేనే అన్నాను.

ఇంత రాత్రప్పుడు నాకు అక్కడ ఏం పని అంటే, యువరాజు ఉదయకీర్తి ఆ రేవులో చేపగా తిరుగుతున్నాడు.

పొగదీవిలో ధూమకర్ణుడనే మాంత్రికుడు ఉన్నాడు. కోపం వస్తే అతని చెవుల్లోంచి పొగ వస్తుంది. కోపం రాని రోజు లేదు కాబట్టి ఆ దీవికి ఆ పేరు. మూగరాయి అడుగున ఉన్న నీలమణి అతనికి కావాలి. దాన్ని మనిషి తేలేడు, మామూలు చేప తేలేదు. చీకటి నీటికి బెదరని మనిషిని చేపగా మారిస్తే ఆ చేప తేగలదు. పిరికివాణ్ణి మారిస్తే రొయ్య అవుతాడట. అందుకే యువరాజును మాయ చేసి పండుగప్పగా మార్చి వదిలాడు. అమావాస్య దాటి తొలి కిరణం నీటిని తాకగానే ఆ చేప తాను మనిషినన్న సంగతి మరిచిపోతుంది. తల్లి ముఖం మరుస్తుంది, తన పేరు మరుస్తుంది, మణిని నోట కరచుకుని మాంత్రికుడి వలలోకి తానే ఈదుకుంటూ పోతుంది. ఈలోగా గట్టు మీద నుంచి ఎవరైనా ఒంటరిగా గాలం వేసి ప్రాణంతో ఒడ్డుకు లాగితే, ఇసుక తగిలిన క్షణాన మళ్ళీ మనిషి అవుతాడు.

ఈ మాటలు ధూమకర్ణుడు తన నోటితోనే నవ్వుకుంటూ అన్నాడు. వాటిని నేనెలా విన్నానన్నది ఇప్పుడు అనవసరం. నా గొప్ప నేనే చెప్పుకోవడం బాగుండదు.

రాజుగారి నౌకలు ఏమయ్యాయంటే, యువరాజును ఎత్తుకుపోయిన ఓడదొంగల్ని తరుముతూ అన్నీ దక్షిణానికి పోయాయి. ఓడదొంగలు ఎత్తుకుపోయారని రాజుగారికి ఎవరో చెప్పారు. ఎవరన్నది కూడా ఇప్పుడు అనవసరమే.

ఉదయకీర్తికి నేనంటే ఎందుకిష్టమో నాకు తెలియదు. వంటశాలకు చేపలు మోసుకెళ్ళే కుర్రాణ్ణి సభలోకి పిలిచి, పక్కన నిలబెట్టుకుని, కబుర్లు చెప్పించుకునేవాడు. నేను మాట్లాడుతున్నప్పుడు మాత్రం నా వెనక నిలబడేవాడు. ఏనుగంత చేప పట్టానని అంటే నా పైబట్టను రెండుసార్లు గుంజేవాడు. తగ్గించమని దాని అర్థం. దున్నపోతంత అనేవాణ్ణి. మళ్ళీ రెండు. దూడంత అనేవాణ్ణి. రెండు. చివరికి చేప చేపంత అయ్యేది.

"మరి ఒక్కసారే గుంజితే ఏటి అర్థం, బాబూ?" అని ఒకనాడు అడిగాను.

"నమ్మానని అర్థం," అన్నాడు. "ఇంతవరకు అవసరం రాలేదు."

ఆ సాయంత్రం నేను బయలుదేరేటప్పుడు మా మామ్మ సింగారమ్మ గడపలో కూచుని, తొడ మీద జనపనార వేసి అరచేత్తో పురి పెడుతోంది. మా తీరంలో గాలపు తాడుకు పురి పెట్టేది ఆడవాళ్ళే. ఒకరి పురి ఒకరికి రాదు. చీకట్లో వేలితో తడిమి, ఇది ఫలానా ఇంటి తాడని చెప్పేస్తారు. మగవాడు పురి పెట్టగా మా ఊళ్ళో ఎవరూ చూడలేదు, మగవాడు పురుడు పోసుకోగా ఎలా చూడలేదో అలా.

"ఏట్రా, తాడు సంకన పెట్టుకుని ఎల్తన్నావు?"

"మూగరేవుకి."

"ఒంటిగానా?"

"ఒంటిగానే. నాకేటి బయమా?"

"నీకు బయమేటి," అంది మామ్మ, నార మీంచి చూపు తీయకుండా. "రేత్రి పెరట్లోకెల్లాలంటే నన్ను లేపి దీపం అట్టుకోమంటావు. అంతే గదా."

"అది నువ్వు బయపడతావని."

మామ్మ నవ్వలేదు. "ఒరే పైడీ, ఒంటిగాలం ఏసేవోడు ముందర తాడు తడిపి, అది ఎవుల సేతి పురో సెప్పాల. పడవ మీదయితే నలుగురుంటారు. ఒకడు అబద్దమాడితే మిగతావోళ్ళు దిద్దుతారు. ఒంటిగా ఉన్నోడికి తాడొక్కటే సాచ్చికం. దాని కాడ మాత్రం నీ యేసాలెయ్యకు."

"సముద్రానికి సెవులున్నాయేటి మామ్మా?"

"నీకంత నోరుంది గదా. దానికి సెవులుంటే తప్పేటి?" అంది. నేను నాలుగడుగులు వేశాక వెనకనుంచి మళ్ళీ పిలిచింది. "ఆ తాడు నాను ఇయ్యలేదురా. నువ్వు తీసినావు. అది కూడా సెప్పు."

దిబ్బ దిగి వచ్చాను. గుండురాయి లేదు కాబట్టి రాజుగారి కంకణాన్ని తీసి తాడుకు బిగించాను. బరువుకు బాగానే ఉంది. బుట్టలోంచి ఒక రొయ్యను తీసి, కొంచెం మొహమాటపడి, గాలానికి గుచ్చాను. తాడు రెండో కొసను నా కుడికాలి చీలమండకు కట్టుకున్నాను. నా కాళ్ళ సంగతి నాకు తెలుసు. అవి పరుగెత్తితే గాలం కూడా వాటితో వస్తుందని ముందుచూపు.

తాడు తడిపాను. నాలుగు దిక్కులా చూశాను. మనిషన్నవాడు లేడు. అబద్ధమాడినా వినేవాడు లేడు, ఆడి లాభం లేదు. అయినా విద్యను ఒకరోజు మానేస్తే మరుసటిరోజు నాలుక మొరాయిస్తుంది.

"ఇది పైడన్న సేతి పురి," అన్నాను. "నా సొంత సేతి పురి."

తల చుట్టూ తిప్పి విసిరాను. కంకణం చీకట్లో ఒక బంగారు గీత గీసి, మూగరాయి పక్కన పడింది. పడిన చప్పుడు వినిపించలేదు.

రాత్రి ఒంటరిగా గాలం పట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో పడవ మీద వేటకు పోయేవాళ్ళకు తెలియదు. మొదట కళ్ళు పనిచేయడం మానేస్తాయి. తరువాత చెవులు. ఉన్న ప్రాణమంతా చూపుడువేలి కొసకు వచ్చి కూచుంటుంది. దాని మీదుగా తాడు చీకట్లోకి పోతుంది. అవతలి కొస ఏ లోకంలో ఉందో తెలియదు. అక్కడ అడుగున ఏది పక్కకు ఒత్తిగిలినా ఇక్కడ గోటి కింద తెలుస్తుంది. నాచు తాకితే మెత్తగా, రాయి తాకితే కరుకుగా, ఆటుకు నీళ్ళు తీస్తే ఎవరో నిద్రలో ఊపిరి పీల్చినట్టుగా. కాసేపటికి నువ్వు సముద్రాన్ని పట్టుకున్నావో, సముద్రం నిన్ను వేలు పట్టుకుని కూర్చుందో తేల్చుకోలేవు. లేచి పోవాలనిపిస్తుంది. లేవబుద్ధి కాదు. గుండె దడదడలాడుతూనే ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు అంటుంది.

ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. సముద్రానికి కబుర్లు చెప్పడం మొదలుపెట్టాను.

"ఇదే రేవులో, ఇలాటి అమాసకే, నాను ఒక సొరచేపను సెవులట్టుకుని ఒడ్డుకు లాగినాను," అన్నాను.

వేలి కింద తాడు రెండుసార్లు గుంజింది.

ఎగిరి లేచి లాగాను. ఏమీ లేదు. కంకణం ఉంది, రొయ్య ఉంది, కొరికిన గుర్తు కూడా లేదు. మళ్ళీ విసిరాను.

"సొరకు సెవులుండవని ఎవులైనా అనగలరు. నాను లాగినాకే వాటికి లేకుండా పోయాయి."

రెండు గుంజులు. లాగాను. ఏమీ లేదు.

ఎర కదలలేదు, గాలం కదలలేదు, తాడు మాత్రం గుంజుతోంది. నా వీపు మీద వెంట్రుకలన్నీ ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. మూడోసారి కళ్ళు మూసుకుని విసిరితే కంకణం దగ్గర్లోనే పడింది. తాడు ఒడ్డున నీటి అంచు మీదుగా బిగుసుకుని నిలిచింది. ఆ అంచు దగ్గర పచ్చని వెలుగు ఒకచోట చేరి, మెల్లగా పైకి తేలింది.

అది చేయి.

మోచేతి వరకే ఉంది. ముసలి చేయి. ఎంతోకాలం నీటిలో నానినట్టు వేళ్ళ కొసలు ముడతలు పడి ఉన్నాయి. అది బొటనవేలు, చూపుడువేలు మధ్య నా తాడును పట్టుకుని, మా ఊరి ఆడవాళ్ళు తడిమినట్టే, పురిని అటొకసారి ఇటొకసారి నలిపి చూసింది.

"ఎవుల పురి ఇది?" అంది ఒక గొంతు. అది నీళ్ళలోంచి రాలేదు, రాయిలోంచి రాలేదు. తడిసిన ఇసుక మాట్లాడితే అలా ఉంటుంది. యాస మాత్రం మా వాడ యాసే.

నేను పరుగెత్తాను. మామూలు పరుగు కాదు. నా నీడ వెనకబడింది, అమావాస్య కాబట్టి ఎవరూ చూడలేదు. మొగలి పొదల దాకా పోయానో లేదో చీలమండకున్న తాడు బిగిసి, నన్ను బోర్లా పడేసి, ఇసుకలో గీత గీయిస్తూ నీటి అంచు దాకా తిరిగి తెచ్చింది. ఆ చేయి ఒక్క వేలితో లాగింది.

"కూకో," అంది. "రేవు కావలి కాసేదాన్ని. ఇక్కడ నీళ్ళలో ఉన్నదేదీ నా సేతిలోంచి పోకుండా ఒడ్డెక్కదు. తాడు ఎవులదో తేలకుండా నాను దేన్నీ ఒగ్గను. సెప్పు. ఎవుల పురి?"

"నాదే."

తాడు రెండుసార్లు గుంజింది. నీళ్ళు చప్పుడు లేకుండా లేచి నా మోకాళ్ళకు వచ్చాయి.

"మొగోడివి. పురెట్టడం నీకు ఎవులు నేర్పినారు?"

నిజం చెప్పేయవలసిన సమయమది. నాకు తెలుసు. నోటికి తెలియలేదు. "సెంద్రలోకం ఎల్లి నేర్చుకున్నాను. సెంద్రుడే దగ్గర కూకోబెట్టుకుని నేర్పినాడు."

"ఇయ్యాల ఆకాశంలో సెంద్రుడే లేడు గదా."

"అందుకే ఆయనకి తీరిక దొరికింది."

రెండు గుంజులు. ఈసారి గట్టిగా, చిరాగ్గా. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. కాలి కింద ఇసుక జారుతోంది. తాడును చేయి విడవలేదు.

అప్పుడే మూగరాయికి అవతల నీలి దీపం ఒకటి వెలిగింది.

ధూమకర్ణుడి పడవ. తిమింగలం పక్కటెముకలు వంచి కట్టిన పడవ. తెడ్లు వాటంతట అవే నీటిని తవ్వుతున్నాయి. దీపం వెలుగులో మాంత్రికుడు నల్లటి జడలు గాలికి విప్పుకుని, చెవుల్లోంచి పొగ రెండు పాయలుగా పోతుండగా నిలబడి ఉన్నాడు. తెల్లవారేదాకా ఆగుదామనుకున్నవాడు, రాయి పక్కన బంగారు మెరుపు పడటం చూసి ముందే బయలుదేరాడు కాబోలు. రెండు చేతులతో చెవుల పొగను దూదిలా పీకి, దారం తీసి, దారానికి దారం ముడివేసి, కళ్ళముందే ఒక వల అల్లేశాడు. ఆ పొగవల గాలిలో విప్పుకుని, గద్ద రెక్కల్లా పరుచుకుని, నీటి మీద పడింది. అది తాకినచోట పచ్చని వెలుగు మాడిపోయింది.

నా తాడు ఒక్కసారిగా పక్కకు దూసుకుపోయింది. అవతలి కొసన ఉన్నదేదో వలను తప్పించుకోవడానికి రాయి చుట్టూ తిరుగుతోంది. తాడు రాతి అంచుకు ఒరుసుకుంది. పాయ ఒకటి తెగిన అదురు నా వేలికి తెలిసింది. నీళ్ళు ఛాతీకి వచ్చాయి. ఒక క్షణం రాయి పక్కన నీటిమట్టానికి రెండు ఎర్రని కళ్ళు లేచాయి. పండుగప్ప కళ్ళు రాత్రి అలాగే నిప్పుకణికల్లా మెరుస్తాయి. అది గాలాన్ని మింగలేదు. రాజుగారి కంకణాన్ని పెదవులతో పట్టుకుని ఉంది.

"ఒరే కుర్రోడా," అంది కావలిది. "అతగాడి వల రెండోసారి పడితే నా సెయ్యి కూడా అడ్డుకోలేదు. తాడు ఎవులదో సెప్పు. నీదే అంటావా?"

"నాదే," అనబోయాను.

ఆ మాట పెదవి దాటకముందే తాడు రెండుసార్లు గుంజింది.

పండుగప్ప ఎర పడితే ఒక్క గుక్కలో మింగి, నీళ్ళు చీల్చుకుంటూ పోతుంది. రెండుసార్లు గుంజి మర్యాదగా ఊరుకునే చేప ఏ సముద్రంలోనూ లేదు. రెండుసార్లు గుంజేవాడు కంబుపురంలో ఒక్కడే ఉన్నాడు.

ఇంతసేపూ నేను సొరచేపకు చెవులు పెడుతుంటే, తెల్లవారితే తన పేరే మరిచిపోయేవాడు, వల మీద పడుతున్నా ఆ కంకణాన్ని వదలకుండా, తగ్గించరా అని గుంజుతున్నాడు.

"మా మామ్మది," అన్నాను. "సింగారమ్మ సేతి పురి. ఆవిడ ఇయ్యలేదు. నాను తీసినాను."

తాడు కదలలేదు. చేయి పురిని ఒకసారి నలిపింది. "ఊఁ," అంది. నీళ్ళు అక్కడే ఆగాయి. తగ్గలేదు. "ఇంకా ఉంది. పురిలో అబద్దపు ముడి ఇంకా ఇడలేదు. ఈ తాడుతో ఏటి పట్టినావని సబలో సెప్పుకున్నావు?"

"పండుగప్పని. అదీ మామ్మే పట్టింది, రేత్రి ఒంటిగా. నాను ఇంట్లో తలుపు గడేసుకుని తొంగున్నాను. పొద్దుట బుట్ట మోసుకెళ్ళినాను. కొంత దూరం ఆవిడే మోసింది."

రెండు గుంజులు.

"సరే. దారంతా ఆవిడే మోసింది. సబ గుమ్మం కాడ నానందుకున్నాను."

తాడు ఊరుకుంది. దూరంగా మాంత్రికుడు వలను చేతుల మీదికి చుట్టుకుంటున్నాడు. నీలి వెలుగులో అతని పళ్ళు కనిపించాయి. "ఎవడ్రా ఆ గట్టు మీద?" అని కేక వేశాడు. జవాబు చెప్పే తీరిక నాకు లేదు. నిజం చెప్పడం అలవాటు లేని నోటికి అది ఎంత బరువు పనో అప్పుడే తెలుస్తోంది.

"ఓడదొంగలు లేరు," అన్నాను. "రాజుగారితో సెప్పింది నానే. వాళ్ళతో కత్తి తిప్పి పోరాడినానని కూడా సెప్పినాను. ఓడలన్నీ నా మాట మీదే పోయాయి. ఇయ్యాల ఈ రేవులో నాను తప్ప ఇంకెవులూ లేకపోతే, అది నావల్లే."

"ఇంకా," అంది చేయి.

"ఇంకేం లేదు."

రెండు గుంజులు. ఈసారి చాలా మెల్లగా. నీళ్ళు గెడ్డం దాకా లేచాయి.

ఆ మాట ఎవరికీ చెప్పకుండా చచ్చిపోదామనుకున్నాను. దానికోసం ముసలివాణ్ణి అయ్యేదాకా బతకాలని కూడా అనుకున్నాను.

"ధూమకర్ణుడు కంబుపురం వచ్చింది యువరాజు కోసం కాదు," అన్నాను. "రేత్రి ఒంటిగా గాలమేసే జాలరి ఒకడున్నాడని, వాడికి బయమంటే తెలీదని సబలో ఎవుడో కూశాడు గదా. ఆ కూసినోడి కోసం. నన్ను ఎతుక్కుంటూ వచ్చినాడు. సీకటి పడేసరికి మూగరేవుకి రమ్మని కబురెట్టినాడు. బాబుకి తెలిసింది. నా దగ్గరికొచ్చి, 'ఎల్లగలవా పైడన్నా' అనడిగితే, ఎల్లగలను, వాడి సెవులు కోసి తెస్తానన్నాను. ఆయన నా పైబట్టను రెండుసార్లు గుంజి, 'అయితే నీ తలపాగా ఇటివ్వు, నీ బుట్ట ఇటివ్వు' అన్నాడు. ఇచ్చేసినాను. వద్దని ఒక్కమాట అనలేదు. తలపాగా ఆయన తలకి నానే సరిగ్గా కట్టినాను."

నీళ్ళు నా గెడ్డం కింద నిలిచి ఉన్నాయి. ఉప్పగా ఉన్నాయి. సముద్రం కాబట్టి ఉప్పగానే ఉంటాయి.

"ఆ మొగలి పొదల్లో దాక్కుని సూసినాను. మాంత్రికుడు 'పైడన్నవు నువ్వేనా' అంటే ఆయన అవునన్నాడు. ఆయన అబద్దమాడగా నాను విన్నది అదొక్కటే. నాను పొదలోంచి లేచి, 'కాదు, నానే' అనుండొచ్చు. దగ్గరే ఉన్నాను. నోరుంది. లోకంలో ఏ అబద్దమైనా పలికే నోరు, ఆ ఒక్క నిజం పలకలేదు. నాను ఎల్లుంటే రొయ్యనయ్యేవాణ్ణి. ఆయన నా పేరుతో సేపయ్యాడు. అందుకే వచ్చినాను. దైర్యముండి కాదు. ఇప్పుడు కూడా మోకాళ్ళు కొట్టుకుంటన్నాయి, నీళ్ళలో ఉండబట్టి కనబడటం లేదు."

ఇంక చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు. అలాంటి స్థితి నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

 చేయి వేళ్ళు ఒక్కొక్కటే విడిచి, పురి మీదుగా ఒకసారి నిమిరి, నీటిలోకి దిగిపోయింది. మూగరాయి దగ్గర అల ఒకటి విరిగింది. దాని చప్పుడు నాకు వినిపించింది.

తాడు నా చేతిలో ఒక్కసారి గుంజింది.

రెండోదాని కోసం చూశాను. నీలి దీపం రాయిని దాటింది, పొగవల గాలిలోకి లేచి చుక్కల్ని మింగుతూ విప్పుకుంటోంది, తాడులో మిగిలిన పాయలు ఒక్కొక్కటే కిర్రుమంటున్నాయి.

రెండోది రాలేదు.

నేను లాగడం మొదలుపెట్టాను.